మూడు గంటల గడువు పెట్టిందెవరు, అడిగిందెవరు?

2023 నవంబరు మొదటి వారంలో రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టున్న ఒక వీడియో దేశమంతా తిరిగింది. ఒళ్లు వేరెవరిదో, ముఖం మాత్రం ఆమెది. ఇలా కృత్రిమంగా తయారుచేసినవాటినే డీప్‌ఫేక్ అంటున్నారు. రెండున్నర నెలల తర్వాత, 2024 జనవరిలో, ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరుగుతారని ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ఈలోగా ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో లెక్కపెట్టగలిగినవాళ్లు లేరు.

తర్వాత రెండేళ్లకు, 2026 ఫిబ్రవరి 10న, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ గెజిట్‌లో కొత్త నిబంధనలు ప్రకటించింది. కృత్రిమ మేధతో అచ్చం అసలుదే అనిపించేలా తయారుచేసిన దృశ్యానికీ, గొంతుకూ లేబుల్ ఉండాలి. ప్రభుత్వమో కోర్టో ఫలానాది తీసేయమని ఆదేశిస్తే, అంతకుముందు 36 గంటలున్న గడువు మూడు గంటలైంది. ఒప్పుకోలు లేకుండా పెట్టిన నగ్న చిత్రాలపై ఫిర్యాదు అందితే 24 గంటల గడువు రెండు గంటలైంది. పది రోజులకే, ఫిబ్రవరి 20న, ఇవన్నీ అమల్లోకి వచ్చాయి.

ఆ రెండు గంటల గడువును నేను మనసారా ఆహ్వానిస్తున్నాను. తన ఫొటోతో చేసిన నీలి చిత్రం ఊళ్లో తిరుగుతోందని తెలిసిన ఆడపిల్లకి 24 గంటలంటే చాలా పెద్ద కాలం. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు నడుస్తున్న రోజుల్లోనే ఈ నిబంధనలు వచ్చాయి. అయినా వాటిమీద ఏ సభా ఓటు వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం కూడా చట్టప్రకారం లేదు. నూట నలభై కోట్ల మంది ఏం చూడాలో, ఏది ఎంతసేపట్లో కనుమరుగవ్వాలో తేల్చే విషయం మన ప్రతినిధుల చేతుల మీదుగా పోకుండా ఎలా వస్తోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో ఇంటర్నెట్‌కు మూలచట్టం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం. అప్పటికి ఫేస్‌బుక్ లేదు, యూట్యూబ్ లేదు, వాట్సాప్ లేదు. ఆ చట్టంలోని 79వ సెక్షన్ మనం వాడే వేదికలన్నిటితో ఒక ఒప్పందం లాంటిది చేసుకుంటుంది: మీ గోడమీద వేరేవాళ్లు రాసిన రాతలకు మీరు శిక్ష అనుభవించనక్కర్లేదు, కాకపోతే మీరు 'తగిన జాగ్రత్త' తీసుకుని ఉండాలి. ఆ తగిన జాగ్రత్త అంటే ఏమిటో చట్టం చెప్పదు. కేంద్ర ప్రభుత్వం నిర్దేశిస్తుంది అంటుంది. 2008 సవరణతో ఇప్పటి రూపానికి వచ్చిన ఈ సెక్షన్‌లో, ఆ రెండు మాటల సందులోంచే తర్వాతవన్నీ వచ్చాయి. 2011 మార్గదర్శకాలు, వాటి స్థానంలో 2021 నిబంధనలు, వాటికి 2022లో, 2023లో, 2025లో, ఇప్పుడు 2026లో సవరణలు. డీప్‌ఫేక్ అనే మాటే పుట్టని రోజుల్లో పార్లమెంటు ఇచ్చిన అధికారంతో ఈరోజు డీప్‌ఫేక్‌ను నియంత్రిస్తున్నాం.

చట్టం చెయ్యాలంటే బిల్లు పెట్టాలి, ఉభయసభలూ ఒప్పుకోవాలి, రాష్ట్రపతి సంతకం పెట్టాలి. నిబంధనకు శాఖ కార్యదర్శుల స్థాయిలో రాసిన ముసాయిదా, గెజిట్ ప్రకటన చాలు. ఈ రెండిటికీ కింద మూడోది ఒకటుంది. దాని పేరు సలహా, అడ్వైజరీ. 2024 మార్చి 1న ఐటీ శాఖ అలాంటిదొకటి ఇచ్చింది. ఇంకా పూర్తిగా పరీక్షించని కృత్రిమ మేధ నమూనాలను మన దేశంలో జనానికి అందించాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్నది దాని సారాంశం. ఏ చట్టంలోనూ అలాంటి అనుమతి ఊసు లేదు. స్టార్టప్‌లు గగ్గోలు పెడితే, ఇది వాళ్లకు వర్తించదని అప్పటి సహాయ మంత్రి సోషల్ మీడియాలో వివరణ ఇచ్చారు. రెండు వారాలకు, మార్చి 15న, ఆ అనుమతి మాట తీసేసి కొత్త సలహా ఇచ్చారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిన్న గదిలో ఏఐ పని చేసుకునే నలుగురు కుర్రవాళ్లకు ఆ రెండు వారాలు తాము చట్టానికి ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో తెలియని రోజులు.

ఇక నిబంధనల సంగతి. వాటిని పార్లమెంటు బొత్తిగా చూడదని అంటే తప్పవుతుంది. ఐటీ చట్టం 87వ సెక్షన్ ప్రకారం ప్రతి నిబంధననూ సమావేశాల కాలంలో మొత్తం 30 రోజులపాటు ఉభయసభల ముందుంచాలి. ఆ తర్వాతి సమావేశాలు ముగిసేలోగా రెండు సభలూ కలిసి మార్చమన్నా, రద్దు చేయమన్నా ప్రభుత్వం వినాల్సిందే. కాగితం మీద ఇది గట్టి అధికారం. కానీ నిబంధన గెజిట్‌లో చెప్పిన రోజునుంచే పనిచేయడం మొదలుపెడుతుంది. సభ ముందుకు వచ్చేసరికి అది పాతబడి ఉంటుంది. రద్దైనా, అప్పటిదాకా దాని కింద జరిగిన పనులు చెల్లుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా సభ్యుడు లేచి తీర్మానం పెడితేనే చర్చ. పెట్టకపోతే మౌనమే అంగీకారం. సభలో రోజూ పదకొండింటికో పన్నెండింటికో మంత్రులు లేచి 'ఈ పత్రాలు సభ ముందుంచుతున్నాను' అంటారే, ఆ గుట్టలో ఇవీ ఉంటాయి.

ఆ గుట్టలోంచి ఒక కాగితాన్ని బయటికి లాగిన సందర్భం ఒకటుంది. ఇంటర్నెట్ గురించి మన పార్లమెంటులో జరిగిన మంచి చర్చల్లో దాన్ని నేను ముందు వరసలో పెడతాను. 2011 ఏప్రిల్‌లో వచ్చిన మధ్యవర్తుల (అంటే ఇలాంటి వేదికల) మార్గదర్శకాలను రద్దు చేయాలని కేరళకు చెందిన సీపీఎం రాజ్యసభ సభ్యుడు పి.రాజీవ్ తీర్మానం ఇచ్చారు. 2012 మే 17న అది చర్చకు వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం, ఒక రాత వల్ల తనకు హాని జరిగిందని ఎవరైనా రాతపూర్వకంగా చెబితే వేదిక 36 గంటల్లో దాని సంగతి చూడాలి. ఇవాళ మూడు గంటలకు కుదించింది ఆ 36 గంటల వారసత్వాన్నే. తీవ్ర హానికరం, వేధించేది, దైవదూషణ లాంటి నిర్వచనం లేని మాటలు అందులో ఉన్నాయని, మూలచట్టం ఇచ్చిన అధికారాన్ని ఇవి దాటిపోయాయని రాజీవ్ వాదించారు. బీజేపీ తరఫున అరుణ్ జైట్లీ ఆ ఆందోళనతో గొంతు కలిపారు. మంత్రి కపిల్ సిబల్ సభ్యులను, సంబంధిత పక్షాలను కూర్చోబెట్టి మాట్లాడతానని హామీ ఇచ్చారు. తీర్మానం మూజువాణి ఓటుతో వీగిపోయింది.

ఓడిపోయింది కదా అని వదిలేయకూడదు. పది నెలలకు, 2013 మార్చిలో, శాఖ ఒక వివరణ ఇచ్చింది: 36 గంటలంటే ఫిర్యాదు అందిందని స్పందించడానికి గడువు, పరిష్కారానికి నెల రోజులుంది అని. అదే నెలలో లోక్‌సభకు చెందిన సబార్డినేట్ శాసనాల సంఘం, అంటే నిబంధనలు మూలచట్టం గీత దాటాయా లేదా అని చూడటానికే 1953 నుంచి ఉన్న సంఘం, ఈ నిబంధనల మీద ఒక నివేదిక ఇచ్చి, అస్పష్టతలు తొలగించమంది. ఒక ప్రతిపక్ష సభ్యుడు ఒక్క తీర్మానం ఇస్తే, అధికార పక్షం, విపక్షం, శాఖ, ఒక సభా సంఘం అందరూ ఆ కాగితాన్ని మళ్లీ చదవాల్సి వచ్చింది.

చదవకపోతే ఏమవుతుందో చెప్పడానికి 66ఏ సెక్షన్ ఉంది. 2008 డిసెంబరులో, ముంబై దాడులు జరిగి నెల తిరగకముందే, ఐటీ చట్టానికి భారీ సవరణ బిల్లు గందరగోళం మధ్య చర్చ లేకుండా ఆమోదం పొందింది. అందులో వచ్చిందే 66ఏ. కంప్యూటర్ ద్వారానో ఫోన్ ద్వారానో పంపిన సందేశం తీవ్ర అభ్యంతరకరంగా ఉన్నా, అబద్ధమని తెలిసి చిరాకు, అసౌకర్యం కలిగించడానికి పంపినా మూడేళ్ల వరకూ జైలు. చిరాకు! మన ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉదయం ఏడు గంటలకల్లా ఈ నేరం జరిగిపోతుంది. ఒక నాయకుడి మృతికి నగరం బంద్ పాటించడమెందుకని 2012 నవంబరులో ఫేస్‌బుక్‌లో రాసిన ఒకమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన మరో అమ్మాయినీ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2013 మేలో మన దగ్గరే, ఒక గవర్నరు మీదా చీరాల ఎమ్మెల్యే మీదా ఫేస్‌బుక్‌లో రాశారని హైదరాబాద్‌లో ఒక పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేశారు. ఆ అరెస్టు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పై స్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టు చేయొద్దని కోర్టు అదే నెలలో చెప్పింది.

చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్ మొత్తాన్నీ సుప్రీంకోర్టు కొట్టేసింది. ధర్మాసనంలో ఇద్దరు: కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, తీర్పు రాసిన జస్టిస్ రోహింటన్ నారిమన్. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది, ఇవాళ్టి మూడు గంటల గడువుకు వేరు అక్కడే ఉంది. ఎవరో ఫిర్యాదు చేశారని వేదికలు దేన్నీ తీసేయనక్కర్లేదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే తీసేయాలి అని 79వ సెక్షన్‌కు కోర్టు అర్థం చెప్పింది. అందుకే మూడు గంటల గడియారం మీరూ నేనూ ఫిర్యాదు చేస్తే తిరగదు. ప్రభుత్వమో కోర్టో చెబితే తిరుగుతుంది (నగ్న చిత్రాల రెండు గంటల గడువు వేరు). ఈ తేడా చాలామందికి తెలియక, కొత్త నిబంధనలతో తమ ఫిర్యాదులకు మూడు గంటల్లో పరిష్కారం దొరుకుతుందని అనుకుంటున్నారు. ప్రభుత్వం తరఫున అలాంటి ఆదేశం ఎవరివ్వొచ్చన్నది 2025 అక్టోబరు సవరణలో కొంత బిగించారు. శాఖల్లో జాయింట్ సెక్రటరీ స్థాయి, పోలీసుల్లో డీఐజీ స్థాయి అంతకన్నా తగ్గకూడదు. మంచి మార్పే. ఆ ఆదేశం సరైనదా కాదా అని వేదిక లాయర్లు చూసుకోవడానికి మాత్రం ఇప్పుడు మూడు గంటలే ఉంది. తప్పు ఆదేశాన్ని నిలదీసేదెవరు, ఎప్పుడు? సందేహం వచ్చినా సరే తీసేయడమే కంపెనీకి క్షేమం. తీసేసిన రాత యజమానికి ఆ సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు.

2023 ఏప్రిల్‌లో మరో సవరణ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది నకిలీనో, ఏది తప్పుదారి పట్టించేదో ప్రభుత్వమే పెట్టిన ఫ్యాక్ట్ చెక్ విభాగం తేలుస్తుందన్నది దాని సారాంశం. దాన్ని ప్రశ్నిస్తూ హాస్యనటుడు కునాల్ కామ్రా తదితరులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. మార్చి 20న విభాగాన్ని నోటిఫై చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబరులో మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్నారు.

కోర్టులు ఉన్నాయి కదా, పార్లమెంటు చూడకపోతే కొంపలేం మునిగాయి అని ఒక మిత్రుడు నన్నడిగాడు. 66ఏ ఐదేళ్లకు పైగా బతికింది. అందులో చిక్కుకుని ఠాణా మెట్లెక్కినవాళ్లకు ఆ ఐదేళ్లను ఏ తీర్పూ వెనక్కివ్వదు. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు కడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే దిగ్భ్రాంతి చెందింది. అంతకంటే లోతైన కారణం ఇంకోటుంది. కోర్టు ముందున్న దారులు కొన్నే: ఉంచడం, కొట్టేయడం, మహా అయితే ఉన్న మాటకు అర్థం చెప్పడం. డీప్‌ఫేక్ లేబుల్ ఎంత పెద్దదిగా ఉండాలి, వ్యంగ్య చిత్రానికి మినహాయింపు ఎలా రాయాలి, మూడు గంటలా పన్నెండా, అర్ధరాత్రి పండగపూట చిన్న సంస్థ ఏం చెయ్యగలదు లాంటివి కోర్టు తేల్చే విషయాలు కావు. అవి నలుగురూ కూర్చుని సాక్షులను పిలిచి, వాదించుకుని, ఒక వాక్యం కొట్టేసి మరో వాక్యం రాసి తేల్చాల్సినవి. 2025 అక్టోబరు 22 నాటి ముసాయిదాలో దృశ్యంలో కనీసం పది శాతం జాగా లేబుల్‌కు ఇవ్వాలని ఉంది. అభ్యంతరాలు వచ్చాక తుది నిబంధనల్లో ఆ పది శాతం పోయింది, స్పష్టంగా కనిపిస్తే చాలన్నారు. అంటే సంప్రదింపులకు ఫలితం ఉంటుంది. కానీ ఎవరు ఏమన్నారు, ఎవరి మాట ఎందుకు విన్నారు అన్నది సభాపత్రాల్లో లేదు, శాఖ ఫైళ్లలో ఉంది.

సభా సంఘాలే సర్వరోగ నివారిణి అని కూడా చెప్పలేను. వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు కథ అందుకు అడ్డుపడుతుంది. 2019 డిసెంబరులో పెట్టిన ఆ బిల్లును సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. రెండేళ్లలో 78 సార్లు కూర్చున్నారు, 184 గంటలకు పైగా. 2021 డిసెంబరులో 81 సవరణలు, 12 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు. ఇన్ని సవరణలు ఉన్నాయి కాబట్టి కొత్తగా రాస్తామంటూ ప్రభుత్వం 2022 ఆగస్టు 3న బిల్లునే వెనక్కి తీసుకుంది. సరిగ్గా ఏడాదికి, 2023 ఆగస్టు 3న, వచ్చిన కొత్త బిల్లు ఏ సంఘానికీ వెళ్లలేదు. 7న లోక్‌సభ, 9న రాజ్యసభ మూజువాణి ఓటుతో ఆమోదించాయి. 11న రాష్ట్రపతి సంతకం. 184 గంటలు కూర్చున్నవాళ్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఎన్నిటికి కొత్త బిల్లులో జవాబు దొరికిందో పోల్చిచూసే పని సభలో జరగలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఇదే.

ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకా వేగంగా వచ్చింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టారు, ఆ రోజే ఆమోదించారు. 21న రాజ్యసభ, 22న సంతకం. డబ్బుతో ఆడే ఆటల వల్ల అప్పులపాలైన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటిని నిషేధించాయి. రాష్ట్రం నిషేధించినా ఆటలు ఎలా కొనసాగాయి, లొకేషన్ మార్చి ఎలా ఆడారు, డబ్బు ఏ దారిలో పోయింది అన్న అనుభవం మన పోలీసులకు, మన కుటుంబాలకు ఉంది. ఒక సంఘం నాలుగు వారాలు కూర్చుని ఉంటే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఆ సాక్ష్యం రికార్డుకు ఎక్కేది. 2009-14 లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాలకు వెళ్లేవి. 2019-24 నాటికి అది 16కు పడిపోయింది.

బిల్లులు రాకపోయినా సంఘాలు తమంతట తాము ఒక విషయాన్ని ఎంచుకుని పరిశీలించవచ్చు. కమ్యూనికేషన్లు, ఐటీ స్థాయీ సంఘంలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. శశి థరూర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఫేస్‌బుక్, ట్విటర్ ప్రతినిధులను పిలిపించి ప్రశ్నించారు. నిషికాంత్ దూబే అధ్యక్షతన ఉన్న ఇప్పటి సంఘం 2025లో నకిలీ వార్తల మీద నివేదిక ఆమోదించింది. ఏఐతో తయారైన వీడియోలకు తప్పనిసరి లేబుల్, ఏఐ కంటెంట్ తయారుచేసేవాళ్లకు లైసెన్సు సాధ్యమేమో చూడమని అందులో ఉంది. లేబుల్ మాట సరే. లైసెన్సు మాట వింటే నాకు భయమేస్తుంది. పొలం పనులయ్యాక సెల్‌ఫోన్లో ఒక ఏఐ బొమ్మతో తెలుగు కథ చెప్పే కుర్రాడు కూడా కంటెంట్ తయారుచేసేవాడే. అతను ఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి? ఈ ప్రశ్న సంఘం సమావేశంలో ఎవరైనా అడిగారో లేదో మనకు తెలిసే దారి లేదు, ఎందుకంటే మన సభా సంఘాలు తలుపులు వేసుకుని కూర్చుంటాయి. ప్రసారం ఉండదు. నివేదిక బయటికొస్తుంది కానీ అది ప్రభుత్వాన్ని కట్టిపడేయదు.

కృత్రిమ మేధకే ప్రత్యేకంగా చట్టమంటూ మనకు లేదు. ఇప్పటికి అవసరం లేదని, ఉన్న చట్టాలు చాలా వరకు సరిపోతాయని 2025 నవంబరులో వచ్చిన ఏఐ పాలనా మార్గదర్శకాలు చెప్పాయి. వాటిని రాసిన సంఘానికి మద్రాసు ఐఐటీ ఆచార్యులు బలరామన్ రవీంద్రన్ నేతృత్వం వహించారు. తొందరపడి చట్టం చెయ్యకపోవడం తప్పనను. డీప్‌ఫేక్‌ల మీద 2025 డిసెంబరులో లోక్‌సభలో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు వచ్చింది. కానీ ప్రైవేటు మెంబరు బిల్లు చట్టమైంది చివరిసారిగా 1970లో. ఈలోగా నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి తమ ముఖానికి, గొంతుకు రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. లాయర్లను పెట్టుకోగలిగినవాళ్ల ముఖాలకు ఉత్తర్వులున్నాయి. మిగతావాళ్లకు ఫిర్యాదు బటన్ ఉంది.

బ్రిటన్‌లో ఇదే పని ఎలా జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. వాళ్ల ఆన్‌లైన్ భద్రత చట్టం మొదట 2021 మేలో ముసాయిదాగా వచ్చింది. బిల్లు పెట్టకముందే, ముసాయిదానే ఉభయసభల సంయుక్త సంఘానికి ఇచ్చారు. డేమియన్ కాలిన్స్ అధ్యక్షుడు. అక్టోబరులో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ అక్కడ సాక్ష్యం చెప్పారు, అది అందరూ చూసేలా ప్రసారమైంది. డిసెంబరులో నివేదిక వచ్చింది. 2022 మార్చిలో బిల్లు పెట్టారు. చట్టవిరుద్ధం కాకపోయినా హానికరమైన రాతలను పెద్దవాళ్ల విషయంలోనూ వేదికలు పట్టించుకోవాలన్న నిబంధన మీద చాలాకాలం పోట్లాడుకున్నారు, ఆఖరికి తీసేశారు. 2023 అక్టోబరు 26న అది చట్టమైంది. రెండున్నరేళ్లు.

ఇంత చేసినా లోపాలు మిగిలాయి. 2024 వేసవిలో సౌత్‌పోర్ట్ అనే పట్టణంలో చిన్నపిల్లల హత్యల తర్వాత, నిందితుడి గురించిన అబద్ధాలు ఆన్‌లైన్లో పాకి అల్లర్లు జరిగాయి. చీ ఒన్వురా అధ్యక్షతన ఉన్న సభా సంఘం దానిమీద విచారణ జరిపి, ఈ చట్టం పూర్తిగా అమల్లో ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదని, జనరేటివ్ ఏఐ విషయంలో అది అస్పష్టంగా ఉందని 2025 జులైలో తేల్చింది. చట్టం చేసిన పార్లమెంటే రెండేళ్లలోపు తన చట్టం ఎక్కడ చాలట్లేదో చెప్పింది. నేను గౌరవించేది ఆ పనిని. ప్రజాస్వామ్య దేశాలన్నీ అలా నెమ్మదిగా ఉంటాయనీ కాదు. పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు వద్దన్న ఆస్ట్రేలియా బిల్లు 2024 నవంబరు 21న వచ్చి ఆ నెలలోనే పార్లమెంటు ఆమోదం పొందింది. సెనేట్ సంఘం ప్రజలకు అభిప్రాయాలు చెప్పడానికి ఒక్క రోజు ఇచ్చింది. ఆ ఒక్క రోజులోనే దాదాపు 15 వేలు వచ్చాయి.

సాంకేతికత పరుగెడుతోంది, పార్లమెంటు నడిచేసరికి ఆలస్యమవుతుంది అన్న వాదనను నేను కొట్టిపారేయను. 2026 జనవరి మొదట్లో ఎక్స్ వేదిక మీద గ్రోక్ అనే ఏఐ ఆడవాళ్ల ఫొటోలను అసభ్యంగా మార్చి ఇస్తున్నప్పుడు మన పార్లమెంటు సమావేశాలే లేవు. ఎంపీ ప్రియాంకా చతుర్వేది మంత్రికి లేఖ రాశారు, అదే రోజు శాఖ ఆ సంస్థకు 72 గంటల నోటీసు ఇచ్చింది. నిబంధన చేసే అధికారం శాఖ చేతిలో ఉండటం అలాంటప్పుడు అవసరమే. నేను అడుగుతున్నది ఆ అధికారాన్ని తీసేయమని కాదు. వేగంగా చేసిన నిబంధనను తర్వాతైనా తీరిగ్గా చదవమని. మాటను తొలగించే అధికారంతో ముడిపడిన నిబంధనలకైనా, ఫలానా గడువులోగా ఉభయసభలూ ఒప్పుకుంటేనే నిలుస్తాయని చట్టంలో రాయొచ్చు. బ్రిటన్‌లో కొన్ని రకాల నిబంధనలకు అలా ఉభయసభల ఆమోదం తప్పనిసరి. 87వ సెక్షన్‌లో ఒక వాక్యం మారిస్తే ఇక్కడా కుదురుతుంది.

తెలుగువాళ్లకు సంబంధించిన ముక్క ఒకటి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో ఉన్నారు. రాజ్యసభలో 11, 7. మొత్తం అరవై. ఈమధ్య మా పిన్ని ఒక వీడియో చూసి మోకాళ్ల నొప్పుల మందు కొంది. పేరున్న డాక్టరు ముఖం, గొంతు, చక్కటి తెలుగు, అంతా ఏఐ. వీడియో మీద తెలుగులో ఫిర్యాదు రాశాను. మా ప్రమాణాలకు విరుద్ధంగా లేదు అని నాలుగు రోజులకు ఇంగ్లీషులో జవాబొచ్చింది. నా ఫిర్యాదును తెలుగు వచ్చిన మనిషి చదివారా, యంత్రం చదివిందా, అసలు చదివారా?

2011 జనగణన ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైమాటే. ఐరోపా యూనియన్ డిజిటల్ సేవల చట్టం ప్రకారం పెద్ద వేదికలు తమ కంటెంట్ పరిశీలకులు ఏ భాషకు ఎంతమంది ఉన్నారో లెక్క బయటపెట్టాలి. దాదాపు ఐదు లక్షల మంది మాట్లాడే మాల్టీస్‌కు కూడా ఆ లెక్క ఉంటుంది. మన 2021 నిబంధనలు పెద్ద వేదికల నుంచి నెలవారీ నివేదికలు అడుగుతాయి. 2022 సవరణ వేదికలు తమ వాడకపు షరతులను ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ ఇవ్వమంటుంది. భాషలవారీగా మనుషుల లెక్క మాత్రం ఎక్కడా అడగలేదు. అరవై మందిలో ఒక్కరు ఈ సంగతిని నక్షత్ర గుర్తు ప్రశ్నగా, అంటే సభలో నోటితో జవాబు కోరే ప్రశ్నగా వేసి, దాని వంతు వస్తే మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ చెప్పాలి.

ప్రశ్న ఇలా రాశాను. ఒకటి, పెద్ద సోషల్ మీడియా వేదికల్లో తెలుగు కంటెంట్‌ను పరిశీలించే మనుషులు ఎంతమంది ఉన్నారో ప్రభుత్వం తెలుసుకుందా? రెండు, 2026 ఫిబ్రవరి 20 తర్వాత తెలుగు రాతలు, వీడియోలు తీసేయమని ఇచ్చిన ఆదేశాలెన్ని, వాటిలో కోర్టులిచ్చినవి ఎన్ని, ప్రభుత్వాలిచ్చినవి ఎన్ని? మూడు, పొరపాటున తీసేసినవాటిని తిరిగి పెట్టడానికి ఎంత గడువు ఉంది? మా నియోజకవర్గ ఎంపీ కార్యాలయానికి పోయిన వారం పంపాను. మీ ఎంపీకి పంపాలనుకుంటే ఈ పేరా ఉన్నదున్నట్టు వాడుకోండి.